మాట–మూలం: మతం విడిచిన మనిషికి ఎన్ని పేర్లు

క్రితం సంచికలోని పదకోశంలో ‘అపోస్టసీ’ అన్న ఇంగ్లిషు మాటకు ‘మతభ్రష్టత్వం’ అని అర్థమిచ్చాం. నిఘంటువుల్లో ఉన్నది అదే. అయినా ఆ మాట మీద ఈసారి ఉత్తరాలు గట్టిగానే వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మతం వదులుకున్న వ్యక్తిని ‘భ్రష్టుడు’ అనడం తిట్టినట్టు లేదా? అసలు అపోస్టసీ అంటే ఏమిటి, ఎక్కడ పుట్టింది? బైబిల్లో వచ్చే ‘అపొస్తలుడు’ కూడా ఆ మాటకు చుట్టమేనా?
– డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: తిట్టినట్టే ఉంది. మూలంలో మాత్రం ఆ తిట్టు లేదు. గ్రీకులో ‘అపో’ అంటే ఎడంగా, దూరంగా. ‘స్తాసిస్’ అంటే నిలబడటం. రెండూ కలిస్తే ఎడంగా వెళ్లి నిలబడటం. పాత గ్రీకులో ‘అపోస్తాసిస్’ అని, తర్వాతి గ్రీకులో ‘అపోస్తాసియా’ అని వాడారు. మొదట్లో ఇది గుడికీ దేవుడికీ సంబంధించిన మాటే కాదు, రాజకీయాల మాట. ఒక నగరం కూటమిని తెంచుకుని ఏథెన్సు మీద తిరగబడితే దాన్ని అపోస్తాసిస్ అన్నారు. క్రీ.పూ. 428లో మిటిలీనీ నగరం చేసింది అదే.

మత విషయంలోకి ఇది యూదుల గ్రీకు రాతల ద్వారా వచ్చింది. హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చినప్పుడు, యెహోషువ గ్రంథం 22వ అధ్యాయంలో యెహోవా మీద తిరుగుబాటు అనే చోట ఈ మాట పెట్టారు. మక్కబీయుల మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో, మోదీన్ అనే ఊరికి రాజు మనుషులు వచ్చి యూదులను విగ్రహాలకు బలి ఇమ్మని ఒత్తిడి చేసే సందర్భంలోనూ ఇదే మాట. అక్కడికి దాని రాజకీయ వాసన పూర్తిగా పోలేదు. దేవుడు రాజు, ధర్మశాస్త్రం ఒడంబడిక, దాన్ని విడిచినవాడు తిరుగుబాటుదారు. క్రైస్తవ లాటిన్ ఆ అర్థాన్ని అలాగే అందుకుంది, అక్కడి నుంచి చాలా యూరపు భాషలకు పాకింది.

క్రొత్త నిబంధనలో ‘అపోస్తాసియా’ నామవాచకంగా వచ్చేది రెండే చోట్ల. మన తెలుగు బైబిలు ఆ రెండింటినీ ఎలా చెప్పిందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. అపొస్తలుల కార్యములు 21:21లో పౌలు మీద మోపిన నింద, యూదులు మోషేను ‘విడిచిపెట్టవలెనని’ అతను బోధిస్తున్నాడని. 2 థెస్సలొనీకయులకు 2:3లో అంత్యకాలానికి ముందు సంభవించేది ‘భ్రష్టత్వము’. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట. పౌలు మీది ఫిర్యాదు దగ్గర అనువాదకులు మామూలు క్రియ వాడారు, తీర్పు చెప్పే చోట పడిపోవడం అనే మాట ఎత్తుకున్నారు. 1 తిమోతి 4:1లో దాని క్రియారూపాన్ని కూడా ‘విశ్వాస భ్రష్టులగుదురు’ అన్నారు. తెలుగులో ‘భ్రష్టత్వం’ ఈ అర్థంలో స్థిరపడటంలో ఈ వాక్యాల చేయి చాలా ఉంది.

‘భ్రష్ట’కు మూలం సంస్కృత ధాతువు ‘భ్రంశ్’, అంటే జారిపడటం. ‘అపభ్రంశం’ కూడా దాని బిడ్డే. గ్రీకు మాటలో మనిషి తన కాళ్ల మీదే ఉంటాడు, కాకపోతే నిలబడిన చోటు మారింది. సంస్కృత మాటలో నిలబడటమే లేదు, పడిపోయాడు. భగవద్గీత 6వ అధ్యాయంలో అర్జునుడు ‘ఉభయవిభ్రష్టుడు’ చెదిరిన మబ్బులా నశించిపోడా అని అడుగుతాడు. మనం ‘ఉభయభ్రష్టత్వం’ అనేది ఆ అర్థంలోనే. అదే అధ్యాయంలో కృష్ణుడు ‘యోగభ్రష్టుడు’ మంచివాళ్ల ఇంట్లో మళ్లీ పుడతాడని ఊరడిస్తాడు. అంటే అక్కడ భ్రష్టుడు పాపి కాడు, దారి మధ్యలో ఆగినవాడు. ఈనాటి తెలుగులో ఆ మెత్తదనం మిగల్లేదు. ‘ఊరు భ్రష్టు పట్టింది’ అన్నాక ఇంకేం మిగులుతుంది!

గ్రీకు ‘స్తా’, సంస్కృత ‘స్థా’ ఒకే మూలం నుంచి వచ్చినవే. ‘అపో’కు మన ‘అప’ సోదరి. స్థానం, అవస్థ, ప్రస్థానం, నిష్ఠ అన్నీ ‘స్థా’ పిల్లలే. నిష్ఠ అంటే లోపల గట్టిగా నిలబడటం, అపోస్తాసియా అంటే ఎడంగా నిలబడటం. ఒకే ధాతువుకు ఉపసర్గ మారితే అర్థం ఎంత ఎదురు తిరుగుతుందో చూడండి.

ఇక అపొస్తలుడు చుట్టం కాడు. అది ‘అపో’కు ‘స్తెల్లైన్’ అనే వేరే క్రియ చేరిన మాట. అర్థం పంపబడినవాడు, దూత. చెవికి దగ్గరగా వినిపిస్తున్నాయి గదా అని రెండింటినీ కలపకూడదు. నిజమైన చుట్టం మత్తయి 5:31లో ఉంది. భార్యను విడనాడేవాడు ఇవ్వాల్సిన ‘పరిత్యాగ పత్రిక’కు గ్రీకులో ‘అపోస్తాసియోన్’ అని ఉంది. పెళ్లి విడుపు కాగితానికీ మతం విడుపుకూ మూలం ఒకటే.

కాబట్టి తెలుగులో ఏం రాయాలి? క్రైస్తవ మతశాస్త్ర గ్రంథాన్ని అనువదిస్తుంటే, ఆ గ్రంథకర్త తీర్పు కూడా అందులో భాగమే గనక, ‘విశ్వాసభ్రష్టత్వం’ సరిపోతుంది. వార్త, చరిత్ర, చట్టం రాస్తుంటే ‘మత పరిత్యాగం’ రాయండి. ఊళ్లో మాట్లాడుకునేటప్పుడు ‘మతం ఇడిసిండు’ అంటాం, అందులో ఏ లోటూ లేదు.

ప్రశ్న: మా సంఘంలో ప్రార్థనకు రావడం మానేసినోళ్లను ‘వెనుకకు జారిపోయిండు’ అంటరు. పేతురు కూడా యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిండు గదా. ఇవన్నీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఒకటి కావు. గుడికి రావడం మానేయడం అలసత్వం కావచ్చు, అలక కావచ్చు. హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయంలో ‘వెనుకతీయు’ అనే మాట ఉంది, మీ సంఘం వాడుకకు అది దగ్గరది. పేతురు చేసింది భయంతో కాదనడం. అతను ఏడ్చాడు, తిరిగి వచ్చాడు. విశ్వాసాన్ని తెలిసి, పూర్తిగా కాదనుకుంటేనే అపోస్టసీ.

కతోలిక సంఘ ధర్మశాస్త్రం 751వ సూత్రంలో మూడింటిని విడదీసి చెప్పింది. ఒక సిద్ధాంతాన్ని పట్టుబట్టి నిరాకరిస్తే అది విపరీత బోధ. క్రైస్తవ విశ్వాసాన్ని మొత్తంగా తోసిపుచ్చితే అపోస్టసీ. విశ్వాసం ఉండి పోపు అధికారానికి లోబడకపోతే చీలిక. ఈ లెక్కన ఒక డినామినేషన్ (క్రైస్తవ శాఖ) విడిచి ఇంకో డినామినేషన్‌కు పోయినవాడు ఆ సూత్రం చెప్పే అపోస్టేట్ కాడు. మన ఊళ్లలో ‘ఆ చర్చి విడిచి ఈ చర్చికి పోయిండు, భ్రష్టుడు’ అనేవాళ్లు ఈ తేడా చూడరు.

కాగితం మీద విశ్వాసం విడవడం రోము చక్రవర్తి డెసియస్ కాలంలో జరిగింది. 250 ప్రాంతంలో అందరూ దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చినట్టు ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ. ఆ పత్రాలు కొన్ని ఈజిప్టు ఇసుకలో పపైరస్ మీద దొరికాయి. వాటి సారం దాదాపు ఒకేలా ఉంటుంది: నేను ఎప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట ధారపోశాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువపరచండి అని. కింద అధికారుల సంతకం. హింస తగ్గాక సంఘం ముందు పెద్ద చిక్కు వచ్చి పడింది, లొంగిపోయినవాళ్లను తిరిగి ఎలా చేర్చుకోవాలని. నిజంగా బలి ఇచ్చినవాళ్లు, ధూపం మాత్రమే వేసినవాళ్లు, డబ్బిచ్చి దొంగ పత్రం కొనుక్కున్నవాళ్లు అని మూడు రకాలుగా విడదీశారు. మూడో రకానికి ప్రాయశ్చిత్తం తేలిక. మొత్తంగా అందరికీ పెట్టిన పేరు ‘లాప్సీ’, లాటిన్‌లో పడిపోయినవాళ్లు. జపానులో 17వ శతాబ్దంలో క్రీస్తు బొమ్మను తొక్కించి మతం మాన్పిస్తే, అలా మానినవాళ్లను ‘కొరొబి’ అన్నారు, దానర్థం దొర్లిపడటం. ఏ దేశమైనా లోపల ఉన్నవాళ్లకు విడిచినవాడు పడిపోయినట్టే కనిపిస్తాడు.

రోము చక్రవర్తి జూలియన్ పేరు పక్కన ‘అపోస్టేట్’ అని చరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. క్రైస్తవుడిగా పెరిగి, 361 నుంచి 363 దాకా ఏలిన కాలంలో పాత దేవతల పూజను మళ్లీ నిలబెట్టాలని చూశాడు. ఆ బిరుదు క్రైస్తవ రచయితలు ఇచ్చిందే.

ప్రశ్న: ఉర్దూలో ‘ముర్తద్’ అంటారు. దాని మూలం చెప్పగలరా?
– ఉర్దూ మాధ్యమంలో చదివిన విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మీరు రోజూ వాడే మాటలోనే ఉంది. బస్సు రద్దయింది, పరీక్ష రద్దు చేసిన్రు అంటాం గదా. ఆ ‘రద్దు’ అరబ్బీ ‘రద్ద్’, అంటే వెనక్కి తిప్పడం, తిరగగొట్టడం. ఫారసీ, ఉర్దూ మీదుగా మనకు చేరింది. ర–ద–ద అనే అదే మూడక్షరాల మూలం నుంచి ‘ఇర్తిదాద్’, వచ్చిన దారినే వెనక్కి మళ్లడం. అలా మళ్లినవాడు ‘ముర్తద్’. గ్రీకువాడు ఎడంగా నిలబడ్డాడు, సంస్కృతంలో జారిపడ్డాడు, అరబ్బీలో వెనక్కి మళ్లాడు. ‘తౌబా’కూ మూలార్థం మరలిరావడమే, కాకపోతే అది దేవుడి వైపు మరలడం.

చేరడానికి మాట ‘కబూలు’. మన దగ్గర ‘తప్పు కబూలు జేసిండు’ అంటాం, ఒప్పుకున్నాడని. ఖ–బ–ల మూలం నుంచి ‘మఖ్బూల్’, అంటే అంగీకారం పొందినవాడు. ఈ పేరుకు ఓరుగల్లుతో సంబంధం ఉంది. 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకుని, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టింది. అప్పుడు పట్టుబడ్డ కాకతీయ అధికారి ఒకడు ఢిల్లీకి వెళ్లి ఇస్లాం స్వీకరించాడు. అతనికి వచ్చిన కొత్త పేరు మఖ్బూల్. తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్ వద్ద వజీరై, ‘ఖాన్–ఎ–జహాన్’ బిరుదు పొందాడు. పేరు చివర ‘తిలంగానీ’ అని ఊరి గుర్తు మిగిలింది. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఎనిమిది మూలల సమాధి అతనిదే. ఢిల్లీ చరిత్రకారులు రాసినవి చేరిక వైపు మాటలు. విడిచిన దేవుడి వైపు నుంచి ఈ కథ చెప్పినవాళ్లు ఉండి ఉంటే ఇంకో మాట వాడేవారు.

ప్రశ్న: నాస్తికుడు అంటే దేవుణ్ణి విడిచినవాడే గదా? పాల్కురికి సోమన వాడిన ‘భవి’ కూడా అదేనా? ‘పాషండుడు’ అంటే ఏమిటి?
– తెలుగు ఉపాధ్యాయుడు, పాలకుర్తి మండలం, జనగామ జిల్లా

జవాబు: ఈ మూడింటిలో ఒక్కటీ విడిచినవాడి పేరు కాదు.

‘నాస్తిక’ శబ్దానికి పాణిని 4.4.60లో సూత్రం చెప్పాడు: ‘అస్తి నాస్తి దిష్టం మతిః’. ‘ఉంది’ అని మతి గలవాడు ఆస్తికుడు, ‘లేదు’ అని మతి గలవాడు నాస్తికుడు, దిష్టం అంటే విధి అనుకునేవాడు దైష్టికుడు. ఏది ఉంది, ఏది లేదు అన్నది సూత్రంలో లేదు. మనుస్మృతి 2.11 కొలబద్ద మార్చి ‘నాస్తికో వేదనిందకః’ అంది. ఆ లెక్కన కఠోర తపస్సు చేసే జైన ముని నాస్తికుడు అవుతాడు. దేవుడు లేడనేవాడు అన్న నేటి అర్థం తర్వాతిది. ఏ అర్థంలో చూసినా, పుట్టుకతోనే ఆ మతి గలవాడికీ నాస్తిక పేరే. అంతకుముందు ఏదో నమ్మి ఉండాలన్న షరతు లేదు.

‘పాషండ’ పతనం చూడదగ్గది. అశోకుడి 12వ శిలాశాసనంలో ‘పాసండ’ అంటే వట్టి మతశాఖ. అన్ని పాసండాలనూ గౌరవించండి అన్నాడు రాజు. కర్నూలు వైపు ఎర్రగుడి రాళ్ల మీద ఆ శాసనం ఉంది. తర్వాతి స్మృతులు, పురాణాలకు వచ్చేసరికి అదే మాట దొంగవేషాల వేదబాహ్యుడికి తిట్టయింది. పెద్దమనిషి మాట రౌడీమాట కావడం భాషలో కొత్త కాదు.

సోమన ‘భవి’ వీరశైవం బయట ఉన్నవాడు. భవం అంటే పుట్టుక, సంసారం, అందులో చిక్కినవాడు భవి. దీక్ష పొంది లింగం ధరించినవాడు భక్తుడు. భవితో పొత్తు కూడదన్న పట్టుదల బసవపురాణం నిండా కనిపిస్తుంది. అంటే సోమన గీసిన గీత లోపలా బయటా అన్నది. దీక్ష వదిలినవాడిని సూచించాలంటే ‘వ్రతభ్రష్టుడు’ అనాలి. బడిలో పిల్లలకు చెప్పేటప్పుడు నాస్తికుడు, భవి, భ్రష్టుడు మూడూ ఒక గాటన కట్టకండి. మొదటిది అభిప్రాయం, రెండోది ఉన్న స్థానం, మూడోది జరిగిన మార్పు.

ప్రశ్న: కాకతీయులు జైనం వదిలి శైవం తీసుకున్నారని గైడ్లు చెబుతున్నారు. శాసనాల్లో ‘జైనం విడిచిరి’ అని ఉందా?
– చరిత్ర విద్యార్థి, వరంగల్

జవాబు: శాసనాలు చెప్పేది విడవడం కాదు, చేరడం. కాజీపేట దర్గా దగ్గరి శాసనం శ్రీశైల మల్లికార్జున మఠానికి చెందిన కాలాముఖ (ఒక శైవ శాఖ) ఆచార్యుడు రామేశ్వర పండితుడికి కాకతీయులు ఇచ్చిన దానాన్ని చెబుతుంది. రెండో బేతరాజుకు శైవ దీక్ష ఇచ్చిన గురువుగా అతన్ని చెబుతారు. శాసనంలో దీక్ష, శిష్యత్వం, దానం కనిపిస్తాయి.

హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కితే లెక్క ఇంకాస్త చిక్కుపడుతుంది. అక్కడి 1117 నాటి శాసనం, రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన కడలాలయ బసదికి, అంటే జైన ఆలయానికి, సంబంధించినది. అంటే రాజకుటుంబం శైవ గురువుల దగ్గరికి వెళ్లాక కూడా మంత్రి ఇంటి ఆడమనిషి రాజధాని గుట్ట మీద జైన బసది కట్టించగలిగింది. ఆ కాలానికి ‘మతం మార్చుకున్నారు’ అన్న నేటి మాట అతికించడం ఇబ్బందే. ఈ గురువును పట్టుకున్నంత మాత్రాన ఆ దేవుణ్ణి కాదన్నట్టు కాదు. పరీక్షలో రాయాల్సి వస్తే ‘శైవ దీక్ష స్వీకరించారు, జైనానికి ఆదరణ కొంతకాలం కొనసాగింది’ అని రాయండి, మార్కులు పోవు.

ప్రశ్న: మా దగ్గర ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. బౌద్ధ భిక్షువు చీవరం తీసేసి ఇంటికి పోవచ్చా? సన్యాసి తిరిగి సంసారంలోకి వస్తే ఏమంటారు?
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: పోవచ్చు. వెళ్లే పద్ధతిని కూడా భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం ఖచ్చితంగా రాసిపెట్టింది. పాలిలో ‘సిక్ఖా పచ్చక్ఖాన’, సంస్కృతంలో ‘శిక్షా ప్రత్యాఖ్యానం’. ఇక్కడ శిక్ష అంటే దండన కాదు, భిక్షువు పాటించే నియమాలు. భిక్షువు స్థిరమైన బుద్ధితో, నిజంగా విడవాలనే ఉద్దేశంతో, ‘బుద్ధుణ్ణి విడుస్తున్నాను’ లేదా ‘శిక్షను విడుస్తున్నాను’ వంటి మాటను, అర్థం చేసుకోగల మనిషి ముందు చెప్పాలి. అంతే, ఒక్క సాక్షి చాలు.

చెల్లని సందర్భాల పట్టిక మాత్రం పెద్దది. పిచ్చిలో, భరించలేని నొప్పిలో చెబితే చెల్లదు. వేళాకోళానికి అంటే చెల్లదు. వినేవాడికి భాష అర్థం కాకపోతే చెల్లదు. ‘విడిచిపెడితే ఎలా ఉంటుందో’ అని ఊగిసలాడుతూ అంటే అది బలహీనతను బయటపెట్టడమే, విడవడం కాదు. ‘విడుస్తున్నాను’ అని వర్తమానంలో చెప్పాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, లెక్కప్రకారం విడిచాక గృహస్థుగా బతికితే దోషం లేదు. విడవకుండానే బ్రహ్మచర్యం తప్పితే పారాజికం, మళ్లీ సంఘంలో చోటుండదు. పద్ధతిగా వెళ్లినవాడు తిరిగి వచ్చి మళ్లీ దీక్ష తీసుకోవచ్చు. తలుపు రెండు వైపులా తెరుచుకునేలా పెట్టిన ధర్మశాస్త్రం ఇది. ‘భ్రష్ట’ అన్న మాటతో ఇక్కడ పనే లేదు.

బ్రాహ్మణ ధర్మశాస్త్రాల దగ్గర అంత ఉదారం లేదు. సన్యాసం తీసుకుని సంసారంలోకి దిగినవాడు ‘ఆరూఢపతితుడు’, ఎక్కి పడ్డవాడు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహార భాగంలో అతన్ని ‘ప్రవ్రజ్యావసితుడు’ అని, చచ్చేదాకా రాజుకు దాసుడిగా ఉండాలని ఉంది.

ప్రశ్న: మా తమ్ముడు బౌద్ధం తీసుకున్నడు. అఫిడవిట్ రాయించాలె. ‘హిందూ మతమును త్యజించి’ అని రాస్తే సరిపోతదా? ఎస్సీ సర్టిఫికెట్‌కు ఇబ్బంది వస్తదా?
– సింగరేణి కార్మికుడు, మంచిర్యాల

జవాబు: సరిపోదు. విడవడం, చేరడం చట్టం దృష్టిలో రెండు పనులు. హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 13 ప్రకారం విడాకులకు ఒక కారణం, వేరే మతంలోకి మారి హిందువు కాకుండా పోవడం. గుడికి పోనంటే చాలదు, వేరే మతంలో చేరాలి. అదే సెక్షన్‌లో సన్యాస వ్యవస్థలో చేరి ప్రపంచాన్ని త్యజించడం ఇంకో కారణం. ముస్లిం వివాహాల రద్దు చట్టం, 1939 సెక్షన్ 4 ఇంకా స్పష్టం. వివాహిత ఇస్లాంను విడిచినా, వేరే మతంలోకి మారినా, అంతమాత్రాన పెళ్లి రద్దు కాదని రెండు పనులనూ వేర్వేరుగా పేర్కొంది. అంతకుముందు భర్త పీడ వదిలించుకోవడానికి పంజాబులో ఆడవాళ్లు మతం విడిచినట్టు ప్రకటించేవారు, ఆ దారి మూయడానికే ఈ సెక్షన్. అదే చట్టం విడాకులకు వేరే కారణాలు కల్పించింది.

కాబట్టి అఫిడవిట్‌లో రెండు వాక్యాలు రాయించండి: ఫలానా తేదీన హిందూ మతాన్ని విడిచాను, ఫలానా తేదీన ఫలానా చోట దీక్ష తీసుకుని బౌద్ధం స్వీకరించాను, నా ఇష్టంతోనే అని. ‘త్యజించి’ బాగానే ఉంటుంది. ‘భ్రష్టుడనై’ అని ఒక దస్తావేజు లేఖరి రాసిన నమూనా ఒకటి ఉత్తరంతో పాటు వచ్చింది, అలాంటి రాత ఒప్పుకోకండి. పేరు కూడా మారుతుంటే పాత పేరు, కొత్త పేరు ‘అలియాస్’తో రాయాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఉన్న అక్షరాలే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఇక్కడే. నోటరీ అయ్యాక తెలుగు, ఇంగ్లిషు దినపత్రికల్లో ఒక్కో ప్రకటన, ఆ కటింగులతో గెజిట్‌కు దరఖాస్తు. గెజిట్ వల్ల మతం మారదు, మారిందనడానికి అది రుజువు మాత్రమే.

ఎస్సీ హోదా సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ‘అవలంబించే మతం’ అన్నదే కీలకం. మొదట హిందువులకే ఉండగా 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అందువల్ల బౌద్ధం తీసుకుంటే ఎస్సీ హోదా ఈ కారణంగా పోదు. క్రైస్తవంలో చేరితే పోతుంది, తెలంగాణలో వారికి బీసీ–సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. మతాన్ని అవలంబించడమంటే మనసులో అనుకోవడం కాదు, బయటకు ప్రకటించడమని 1964లో సుప్రీంకోర్టు పంజాబ్‌రావు కేసులో చెప్పింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో 19వది హిందూ మతాన్ని విడుస్తున్నాననీ బౌద్ధాన్ని స్వీకరిస్తున్నాననీ ఒకే ఊపిరిలో చెబుతుంది. మీ తమ్ముడి అఫిడవిట్‌కు ఆ వాక్య నిర్మాణం మంచి నమూనా.

తండ్రి ఆస్తి పోతుందేమోనని కూడా మీ ఉత్తరంలో అడిగారు. మతం మారినవాడి వాటా దానివల్ల పోదు. పైగా 1956 హిందూ వారసత్వ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. ఆ చట్టం పరిధిలో లేని మతానికి మారినప్పుడే సెక్షన్ 26 అడ్డొస్తుంది, అదీ మారిన తర్వాత పుట్టిన పిల్లలకు, హిందూ బంధువుల ఆస్తి విషయంలో.

ప్రశ్న: ‘రికాంట్’ అంటే కూడా మతం విడవడమేనా?
– ఇంటర్ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: కాదు, అన్నమాట వెనక్కి తీసుకోవడం. లాటిన్‌లో ‘కాంటారే’ అంటే పాడటం, ‘రికాంటారే’ అంటే తిరగేసి పాడటం. ‘రాగం మార్చాడు’ అనే మన మాటకు ఇంత దగ్గరి జోడీ అరుదు. 1633 జూన్ 22న గెలీలియో మోకాళ్ల మీద చదివిన పత్రంలోది మాత్రం ఇంకో మాట, ‘అబ్జూర్’. ‘జురారే’ అంటే ప్రమాణం చేయడం, కాబట్టి అది ఒట్టు వేసి మరీ వదులుకోవడం. భూమి తిరుగుతుందన్న అభిప్రాయాన్ని అలా వదిలించారు. అతను విడిచింది మతాన్ని కాదు.

ప్రశ్న: ‘భ్రష్ఠుడు’ అని ఒత్తు ఠ పెట్టాలా?
– డీటీపీ ఆపరేటర్, హనుమకొండ

జవాబు: వద్దు. భ్రంశ్‌కు ‘త’ చేరి ‘భ్రష్ట’ అయింది, నష్ట, దుష్ట, ఇష్టలాగా మామూలు ట. ‘స్థా’ ధాతువు ఉన్న నిష్ఠ, ప్రతిష్ఠ, అనుష్ఠానంలో ఠ వస్తుంది. జ్యేష్ఠ, శ్రేష్ఠ, కనిష్ఠలో ఉన్నది వేరే ప్రత్యయం, అక్కడా ఠ యే.